పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

తణుకు డీటీపీ:

అందరికీ నమస్కారమండి. నేను తణుకులో ఇంటి దగ్గరే డీటీపీ చేస్తుంటాను. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, వీటికి తోడు రెండు స్కూళ్ల పరీక్ష పేపర్లు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి ప్రెస్సుకు పంపిస్తాను. సిస్టమ్ పాతదే. ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, విండోస్ 10.

పోయిన వారం ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపించాయి. ప్రతిదాని మూలనా చిన్న బాణం గుర్తు. నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటోంది, ఫైళ్లు లోపలే ఉన్నాయి. సరేలే అనుకుంటే, ఇంట్లో ఉన్న మరో పెన్‌డ్రైవ్ పెట్టినా అదే వరస. దీనికి తోడు స్క్రీన్ కింద కుడి మూలలో "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు దొరికాయి, వెంటనే రెన్యువల్ చేసుకోండి" అంటూ ఇంగ్లీషులో ఎర్రటి పాపప్‌లు వస్తున్నాయి. అది నేను ఎప్పుడూ కొనని యాంటీవైరస్ పేరు. మాకు షాపువాళ్లు వేసిచ్చిన యాంటీవైరస్ వేరే ఉంది, దాని గడువు ఎప్పుడో అయిపోయింది.

ఊళ్లో సర్వీసు షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాల్సిందే, డేటాకు గ్యారంటీ ఇవ్వలేం, కొత్త యాంటీవైరస్ కొనాల్సిందే అన్నారు. సిస్టమ్‌లో అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఉన్నాయండి. అవి పోయినా కష్టమే, ఎవరి చేతికైనా వెళ్లినా అంతకంటే కష్టం. రెండు రోజులుగా అదే టెన్షన్. మా అబ్బాయి ఇంటర్, ఇదే సిస్టమ్‌లో గేములు ఆడతాడు, వీడియోలు చూస్తాడు. కరెంటు బిల్లు, బ్యాంకు పనులు కూడా ఇందులోనే.

ఫార్మాట్ లేకుండా బాగవుతుందా? డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనక తప్పదా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

లినక్స్ మిత్రుడు:

మేడమ్, విండోస్ తీసేసి, దాని బదులు ఉబుంటు అనే ఉచిత లినక్స్ వేసుకోండి. ఇలాంటి పెన్‌డ్రైవ్ వైరస్‌ల బాధ దాదాపు ఉండదు. పాత సిస్టమ్ మీద కూడా హాయిగా నడుస్తుంది, ఖర్చు లేదు. నేను చాలా ఏళ్లుగా అదే వాడుతున్నాను.

తణుకు డీటీపీ:

థాంక్సండి. కానీ అను, పేజ్‌మేకర్ లేకపోతే నాకు పని లేదు. ప్రెస్సువాళ్లు అదే ఫైలు అడుగుతారు. రేపటికి ఒక కార్డు ఇవ్వాలి కూడా.

ఖమ్మం సర్వీసు:

మేడమ్, ముందు ఒక్క మాట. ఇప్పుడే ఫార్మాట్ వద్దు. ఖమ్మంలో నాది సర్వీసు షాపే. మా దగ్గరికి వచ్చే డీటీపీవాళ్లలో, స్టూడియోవాళ్లలో ఎక్కువ మంది ఇదే బాధతో వస్తారు. ఫార్మాట్ కొట్టడం మాకు తేలిక. విండోస్ మళ్లీ వేసుకోవచ్చు, పోయిన పేపర్లు మళ్లీ రావు. అందుకే మీ ఫైళ్లు భద్రం చేయడం మొదటి పని, వైరస్ తీయడం రెండోది, యాంటీవైరస్ సంగతి ఆ తర్వాత.

మీరు చెప్పినవాటిలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. చిన్నదాని సంగతి ముందు చెప్తాను.

ఆ ఎర్ర పాపప్‌లు చాలావరకు వైరస్‌లు కావు, బ్రౌజర్ నోటిఫికేషన్లు. సినిమా డౌన్‌లోడ్ సైటో, గేముల సైటో తెరిచినప్పుడు "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని అడుగుతుంది. నొక్కితే ఆ సైటుకు మీ స్క్రీన్ మీద నోటిఫికేషన్ పంపే అనుమతి వచ్చేస్తుంది. పాపప్‌ను జాగ్రత్తగా చూడండి, చిన్న అక్షరాల్లో క్రోమ్ అనీ, ఏదో వింత సైటు పేరూ కనిపిస్తాయి. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కు వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియనివన్నీ తీసేయండి. మీ బ్యాంకు, మీ జీమెయిల్ తప్ప అసలు ఎవరికీ ఆ అనుమతి అవసరం లేదు. ఆ పాపప్ మీద నొక్కి మాత్రం ఏదీ కొనకండి, ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. అందులో ఫోన్ నంబరు ఉంటే ఆ నంబరుకు అసలు చేయవద్దు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. అలాంటి నంబరుకు చేస్తే అవతలివాడు దూరం నుంచే కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ లాంటిది వేయించి, మీ మౌసు తన చేతిలోకి తీసుకుంటాడు. ఆ తర్వాత జరిగేదంతా దొంగతనమే.

ఇక షార్ట్‌కట్‌లు. ఇది అసలైన వైరస్. మీ ఫోల్డర్లను కంటికి కనబడకుండా దాచి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు తయారు చేస్తుంది. మీరు నొక్కినప్పుడు ముందు అది నడుస్తుంది, వెంటనే మీ ఫోల్డర్‌ను కూడా తెరిచి చూపిస్తుంది. ఫైళ్లు కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అలా సిస్టమ్‌లోకి దిగాక, ఆ తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటిస్తుంది. మీ రెండో పెన్‌డ్రైవ్ కూడా అలాగే అయిందంటే అది ఇప్పుడు మీ సిస్టమ్‌లోనే ఉందని అర్థం. ప్రెస్సులోనూ ఉండవచ్చు, అది తర్వాత చూద్దాం.

షార్ట్‌కట్ వేటినీ నొక్కకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన వ్యూలో "హిడెన్ ఐటమ్స్" టిక్ పెట్టండి. పక్కనే "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" కూడా పెట్టండి, అది ఏ రకం ఫైలో చెప్పే పేరు చివరి అక్షరాలను చూపిస్తుంది, దాన్ని ఇక ఎప్పటికీ తీయకండి. ఇంకా కనబడకపోతే ఆప్షన్స్‌లోకి వెళ్లి "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్ తీసేయండి. చాలాసార్లు పెన్‌డ్రైవ్‌లో పేరే లేని ఒక ఫోల్డర్ బయటపడుతుంది, మీ సరుకంతా అందులో ఉంటుంది. అందులోంచి మీ పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫోటోలు, పీడీఎఫ్‌లు మాత్రమే తీసుకోండి. చివర ఈఎక్స్‌ఈ, వీబీఎస్, జేఎస్, ఎల్‌ఎన్‌కే అని ఉన్నవి ముట్టుకోవద్దు, అవి నొక్కగానే నడిచే ప్రోగ్రామ్‌లు, షార్ట్‌కట్‌లు.

ఆ ఎక్స్‌టెన్షన్ల టిక్ సంగతి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరి ప్రపంచమంతా తిరిగిన 'ఐ లవ్ యూ' వైరస్ ఈ-మెయిల్‌కు తగిలించిన ఫైలుగా వచ్చి, ఈ దాపరికాన్నే వాడుకుంది. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని, దాని వెనక వీబీఎస్ అని ఉండేది. విండోస్ ఆ చివరి ముక్కను దాచడంతో జనం మామూలు ఉత్తరం అనుకుని తెరిచారు. ఇన్నేళ్లయినా విండోస్ ఆ చివరి ముక్కను మామూలుగా దాచే ఉంచుతుంది. శుభలేఖ పీడీఎఫ్ అనుకుని తెరిచింది ఈఎక్స్‌ఈ కావచ్చు.

ఇప్పుడు సిస్టమ్. గడువు తీరిన ఆ యాంటీవైరస్‌ను తీసేయండి. అది పని చేయదు, పైగా అది ఉన్నన్నాళ్లూ విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ చాలాసార్లు పక్కకు తప్పుకునే ఉంటుంది. తీసేసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే లేస్తుంది. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, ముందు అప్‌డేట్ చేయండి. తర్వాత మేనేజ్ సెట్టింగ్స్‌లో బాగా కిందికి వెళితే "ఎక్స్‌క్లూజన్స్" అని ఉంటుంది. దయచేసి అది తప్పకుండా తెరవండి. మా షాపుకు వచ్చిన సిస్టమ్‌లలో సగం కథ అక్కడే దొరుకుతుంది. "ఈ చోట వెతకవద్దు" అని డిఫెండర్‌కు చెప్పిన ఫోల్డర్ల జాబితా అది. మీరు పెట్టనివి ఏమున్నా తీసేయండి.

ఆ పని అయ్యాక స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుని, తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, స్కాన్ నొక్కండి. సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవకముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునే వైరస్‌లు అప్పుడు దాక్కోలేవు. తర్వాత లోపలికి వచ్చి ఫుల్ స్కాన్ కూడా పెట్టి నిద్రపోండి, పాత సిస్టమ్ కాబట్టి గంటలు పడుతుంది. ఆఖరున ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఒక ఫైలు వేసి, తీసి మళ్లీ పెట్టి చూడండి. షార్ట్‌కట్ రాకపోతే మీ సిస్టమ్‌లోంచి ఆ వైరస్ పోయినట్టే. అప్పుడు మిగతా పెన్‌డ్రైవ్‌లు శుభ్రం చేసుకోండి. వరస తిరగేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా అంటే, నా మాట కొనక్కర్లేదని. నేను అమ్మే సరుకే అది, అయినా ఇంటి సిస్టమ్‌కు డిఫెండర్ సరిపోతుంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ లాంటి సంస్థలు పెట్టే పరీక్షల్లో అది కొన్నేళ్లుగా మంచి మార్కులే తెచ్చుకుంటోంది. పుణె క్విక్‌హీల్, చెన్నై కే7 కూడా మంచివే, కొంటే తప్పు లేదు. రెండు యాంటీవైరస్‌లు కలిపి మాత్రం వేయకండి, ఒకదాన్నొకటి పట్టుకుని సిస్టమ్‌ను నడవనివ్వవు. ఫలితం ఏమొచ్చిందో రాయండి.

తణుకు డీటీపీ:

సార్, మీరు చెప్పినట్టే చేశానండి. పెన్‌డ్రైవ్‌లో పేరు లేని ఫోల్డర్ దొరికింది! కార్డు ఫైలు, పేపర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. పాపప్‌లు కూడా ఆగిపోయాయి.

ఎక్స్‌క్లూజన్స్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డరూ, సీ డ్రైవ్ మొత్తమూ ఉన్నాయి. అబ్బాయిని అడిగితే డౌన్‌లోడ్స్ తనే పెట్టానన్నాడు, గేము క్రాక్, అంటే డబ్బు కట్టకుండా ఆడే దొంగ కాపీ, వేసేటప్పుడు వీడియోలో అలా చెప్పారట. సీ డ్రైవ్ ఎవరు పెట్టారో వాడికీ తెలియదు. మాకు విండోస్, పేజ్‌మేకర్ వేసిచ్చింది షాపువాళ్లే. రెండూ తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ పెడితే నాలుగు పేర్లు పట్టుకుంది. ఒకదాని పక్కన ట్రోజన్ అనీ, ఇంకోదాని పక్కన స్టీలర్ అనీ ఉంది. తీసేసినట్టు చూపిస్తోంది.

అబ్బాయి ఇంకోటి కూడా చెప్పాడు. ఒక సైటులో రోబో కాదని నిరూపించమని, విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమని చెప్పిందట. కొట్టాడు. ఏమీ జరగలేదని వదిలేశాడు. అది కూడా ప్రమాదమేనా?

ఖమ్మం సర్వీసు:

మేడమ్, షార్ట్‌కట్ వైరస్ కంటే ఇదే పెద్దది. ఈ రోజే కూర్చుని చేయాల్సిన పనులున్నాయి.

ఆ సైటు మీ అబ్బాయికి తెలియకుండా ఒక కమాండ్‌ను కాపీ చేసి పెట్టింది. విండోస్ ఆర్ నొక్కితే రన్ పెట్టె తెరుచుకుంటుంది, కంట్రోల్ వీ కొడితే ఆ కమాండ్ అందులో పడుతుంది, ఎంటర్ కొడితే నడుస్తుంది. అంటే దొంగ ప్రోగ్రామ్‌ను మన చేతులతో మనమే పిలిచినట్టు. క్లిక్‌ఫిక్స్ అంటారు దీన్ని, 2024 నుంచి బాగా పెరిగింది. ఏ నిజమైన సైటూ రోబో పరీక్ష కోసం కీబోర్డు మీద ఇలాంటి బటన్లు నొక్కమనదు. బాబును తిట్టకండి. చదువుకున్న ఉద్యోగులు కూడా ఇలాగే కొడుతున్నారు. వాడు చెప్పాడు కాబట్టే మనకు తెలిసింది.

స్టీలర్ అన్నది ఫైళ్లను పాడు చేయదు, పాపప్‌లు చూపించదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు చెప్పే గుర్తులైన లాగిన్ కుకీలు మొత్తం మూటగట్టి అవతలికి పంపేస్తుంది. నిమిషాల్లో పని అయిపోతుంది. అందుకే బాబుకు ఏమీ జరగనట్టు అనిపించింది. లుమ్మా అనే ఒక్క స్టీలర్ సంగతి చూడండి. 2025 మార్చి 16 నుంచి మే 16 దాకా, రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు అది సోకిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ మే నెలలోనే వాళ్లు కోర్టుకు వెళ్లి దాని సైట్లను మూయించారు. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

కాబట్టి స్కాన్ దాన్ని తీసేసినా పని పూర్తి కాలేదు, అప్పటికే వెళ్లిపోయింది వెళ్లిపోయినట్టే. మీ ఫోన్ తీసుకోండి, ఈ సిస్టమ్ కాదు. ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో "యువర్ డివైసెస్" తెరిచి, మీ ఫోన్ తప్ప మిగతావన్నీ సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. దొంగ దగ్గర కుకీ ఉంటే కొన్నిచోట్ల పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వస్తాడు, సైన్ అవుట్ చేస్తే ఆ కుకీ చెల్లదు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కూడా నిర్ధారణ అడిగే రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేయండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టా, బాబు గేమ్ అకౌంట్లు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా చూసి, కంప్యూటర్‌ను తీసేసి మళ్లీ లింక్ చేసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకసారి పూర్తిగా చదవండి. ఒక్క రూపాయి అనుమానంగా పోయినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫార్మాట్ సంగతి మళ్లీ చెప్తాను. మొదట వద్దన్నాను, ఫైళ్లు బయటకు తీయకముందు కొట్టడం ప్రమాదం కాబట్టి. ఇప్పుడు ఫైళ్లు చేతికి వచ్చాయి. స్టీలర్ దిగిన సిస్టమ్, సీ డ్రైవ్ మొత్తం ఎక్స్‌క్లూజన్‌లో పెట్టిన సిస్టమ్, ఇందులో ఇంకా ఏముందో స్కాన్ చూసి నమ్మకంగా చెప్పలేం. బ్యాంకు పనులు ఇందులోనే చేస్తారు కాబట్టి, పరీక్షల హడావుడి అయ్యాక విండోస్ కొత్తగా వేయించుకోవడం మంచిది. అప్పటిదాకా బ్యాంకు పనులు ఫోన్‌లోనే చేసుకోండి.

క్రాక్‌ల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలనుంది. ఏ క్రాక్ అయినా మొదట అడిగేది "యాంటీవైరస్ ఆపండి" అనే. కాపలావాడిని బయటికి పంపి తలుపు తీయమని అడిగే చుట్టాన్ని ఇంట్లోకి రానిస్తామా? మా ఊళ్లో ఒక ఫోటో స్టూడియోకు ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్‌తో స్టాప్ డీజేవూ అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, వచ్చింది. పెళ్లి ఆల్బమ్‌లన్నీ తెరుచుకోకుండా పోయాయి. 980 డాలర్లు కట్టమని, మూడు రోజుల్లోపు అయితే 490 అని చీటీ. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఉంది, కానీ ఎప్పుడూ సిస్టమ్‌కే తగిలించి ఉంచేవారు. అందులోవి కూడా పోయాయి. ఆ పెళ్లివాళ్ల ముందు ఆయన నిలబడిన తీరు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ ర్యాన్సమ్‌వేర్ పాత రకాలకు ఎమ్‌సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో ఉచితంగా విడిపించే టూల్ ఇచ్చింది. వీళ్లకు తగిలింది ఆ తర్వాతి రకం, కుదరలేదు.

అందుకని మీ పేపర్లు, కార్డులు రెండు చోట్ల ఉంచండి. ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, కాపీ అవగానే వైరు పీకేసి బీరువాలో పెట్టాలి. రెండోది గూగుల్ డ్రైవ్, 15 జీబీ ఉచితం, పేజ్‌మేకర్ ఫైళ్లకు అది చాలా ఎక్కువ. పరీక్ష పేపర్లు బయటికి పొక్కుతాయన్న భయం ఉంది కదా. వాటిని సెవెన్-జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి ఒక ఫైలుగా చేసి ఆ ఫైలునే దాచండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. సెవెన్-జిప్ ఉచితం, అసలు సైటు నుంచే దించుకోండి. స్టీలర్ దొరికిందంటున్నారు కాబట్టి స్కూలువాళ్లకు కూడా ఒక మాట చెవిన వేయడం మంచిది. వాళ్లు కావాలంటే రెండో సెట్ తయారు చేసుకుంటారు.

విండోస్ సెక్యూరిటీలోనే ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఉంది. అందులో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్‌లు మీ డాక్యుమెంట్స్‌లో రాయలేవు. అయితే పేజ్‌మేకర్ 7 ఎప్పుడో 2001 నాటిది, దాన్ని కూడా ఆపేసే అవకాశం ఉంది. సేవ్ కావడం లేదని కంగారు పడకండి, అక్కడే "అలో యాన్ యాప్"లో పేజ్‌మేకర్‌ను చేర్చండి.

లైబ్రరీ మాస్టారు:

అమ్మా, ఖమ్మం ఆయన చెప్పిన దానికి ఒకటి రెండు చేరుస్తాను. కేంద్ర ప్రభుత్వానికి కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ అనే సంస్థ ఉంది. 2017 ఫిబ్రవరిలో వాళ్లు సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలుపెట్టారు. ఆ సైటులో సిస్టమ్‌ను శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా ఇస్తారు. డిఫెండర్ స్కాన్ అయ్యాక రెండో అభిప్రాయానికి వాడుకోవచ్చు.

అప్‌డేట్లు ఆపకు తల్లీ. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకు కూడా తగిలింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, అతుకు ఇచ్చింది. వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. నెట్ స్లో అవుతుందని చాలామంది అప్‌డేట్లు ఆపేసి పెడతారు. స్లో అయితే రాత్రిపూట పెట్టుకోవచ్చు.

కూకట్‌పల్లి టెస్టర్:

అబ్బాయికి వేరే అకౌంట్ చేసి ఇవ్వండి మేడమ్. సెట్టింగ్స్, అకౌంట్స్‌లో కొత్త యూజర్‌ను చేర్చి "స్టాండర్డ్ యూజర్"గానే ఉంచండి, అడ్మినిస్ట్రేటర్ వద్దు. అప్పుడు సిస్టమ్ మొత్తానికి ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలన్నా, ఎక్స్‌క్లూజన్ పెట్టాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ ఫైళ్లు వాడి అకౌంట్ నుంచి మామూలుగా తెరుచుకోవు. స్టీలర్ వాడి వైపు దిగినా మీ బ్రౌజర్ పాస్‌వర్డ్‌ల జోలికి రావడం కష్టం. మా నాన్నగారి సిస్టమ్ నిజామాబాద్‌లో ఉంది, ఆయనకూ అలాగే పెట్టాను, ఆయన ఏదైనా వేయాలంటే నాకు ఫోన్ చేస్తారు. మీరు కూడా రోజూ కంపోజింగ్ స్టాండర్డ్ అకౌంట్‌లోనే చేసుకుంటే ఇంకా మంచిది.

తణుకు డీటీపీ:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలండి. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు నిన్న రాత్రే ఫోన్‌లో మార్చాను. డివైసెస్‌లో ఎప్పుడూ చూడని ఊరి పేరుతో ఒక లాగిన్ ఉంది, తీసేశాను. డబ్బు ఏమీ పోలేదు. స్కూలులో చెప్పాను, వాళ్లు కోప్పడలేదు. లెక్కలు, సైన్సు పేపర్లు మారుస్తామన్నారు. అబ్బాయికి అకౌంట్ వేరు చేశాను.

ఇంకో రెండు సందేహాలు. ప్రెస్సువాళ్ల సిస్టమ్‌లో వైరస్ ఉంటే నేను ఎంత శుభ్రం చేసుకున్నా మళ్లీ వస్తుంది కదా? ఇక విండోస్ 10 ఆగిపోయిందంటున్నారు. విండోస్ 11 ఈ సిస్టమ్‌కు రాదని చూపిస్తోంది. దీని మీద మళ్లీ డబ్బు పెట్టడం దండగా?

ఖమ్మం సర్వీసు:

లాగిన్ కనిపించిందా! సమయానికి తీసేశారు, చాలా సంతోషం మేడమ్.

ప్రెస్సుకు వీలైనంతవరకు పీడీఎఫ్ పంపండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు అందులో కలిసిపోయేలా పెడితే, అవతల అను లేకపోయినా అక్షరాలు మారవు. మెయిల్‌లోనో డ్రైవ్‌లోనో పంపితే పెన్‌డ్రైవ్ తిరిగే పనే ఉండదు. పేజ్‌మేకర్ ఫైలే కావాలని పట్టుబడితే ఒక చిన్న పెన్‌డ్రైవ్ ప్రెస్సుకే కేటాయించండి. ఆ రోజు పని తప్ప ఇంకేమీ అందులో వేయకండి. తిరిగి రాగానే తెరవకుండా, ఎక్స్‌ప్లోరర్‌లో దాని మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ చేసేయండి. వాళ్ల సిస్టమ్‌లో కూడా స్కాన్ పెట్టమని చెప్పండి, పాపం వాళ్లకు తెలియకపోవచ్చు.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అయితే ఇంటి సిస్టమ్‌లకు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే నమోదు లింక్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. ఇప్పుడే నమోదు చేసుకోండి. డిఫెండర్‌కు వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా వస్తాయి. అలాగని 2028 దాకా ఇదే వాడుకోవచ్చని అనుకోవద్దు. గుర్తులు తెలిసినంత మాత్రాన విండోస్‌లోని కన్నాలు మూసుకుపోవు.

ఈ సిస్టమ్ మీద ర్యామ్, మదర్‌బోర్డు అంటూ ఖర్చు పెట్టకండి, దండగే. ఆ డబ్బు దాచి సెకండ్ హ్యాండ్‌ది చూసుకోండి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైన, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉన్నది. అప్పుడే విండోస్ 11 సరిగ్గా వస్తుంది. మీ పనికి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చాలు. డబ్బు ఇచ్చేముందు అక్కడే సిస్టమ్ ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివ్ అయిందని ఉంటే మంచిదే. "కేఎంఎస్" అనో, ఏదో సంస్థ సర్వర్‌తో యాక్టివేట్ అయిందనో కనిపిస్తే చాలావరకు క్రాక్ విండోస్ వేసి అమ్ముతున్నట్టే, అది వద్దనండి. యాక్టివేషన్ బాగున్నా, ఇంటికి తెచ్చాక విండోస్ మళ్లీ కొత్తగా వేయించి, ఆ తర్వాతే జీమెయిల్ లాగిన్ అవ్వండి.